శాక్సోఫోన్ వచ్చేదాకా

మొన్న మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాళ్ళం ముప్పై ఏళ్ళ తర్వాత కలిశాం. 1991లో వరంగల్ ఆర్‌ఈసీ హాస్టల్లో చేరి 1995లో బయటికొచ్చిన వాళ్ళం, అందరికీ యాభై దాటింది, సగం మంది అమెరికా నుంచి వచ్చారు. భోజనాలయ్యాక ఒకడు ఇంగ్లీషు రాక్ పాటలు పెట్టాడు. గన్స్ ఎన్ రోజెస్, మెటాలికా, డైర్ స్ట్రెయిట్స్, పింక్ ఫ్లాయిడ్, వరసగా మా హాస్టల్ కారిడార్ మొత్తం కళ్ళముందుకొచ్చేసింది. అప్పుడు ఇంకొకడు అన్నాడు, "రేయ్ మామా, మనతోనే మ్యూజిక్ అయిపోయిందిరా, ఇప్పుడొచ్చేవి పాటలా అసలు" అని. అందరూ అవునవునన్నారు. నేను అనలేకపోయాను. వాదించాను గానీ ఆ గోలలో చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేకపోయాను, ఇంటికొచ్చాక కూడా అదే తిరుగుతోంది బుర్రలో, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఇప్పటి పాటల మీద నాకూ కోపం ఉంది. మామూలు కోపం కాదు. కానీ వాడి కోపం పిల్లల మీద, నాది పిల్లల మీద కాదు. ఈనాటి సింగర్లకి, బ్యాండ్లకి టాలెంటు తక్కువని నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు. పాటలో ఎవరూ పాడకుండా ఒక్క వాయిద్యమే మాట్లాడే టైము ఉండేది చూడండి, ఆ టైమునే మనవైపు నుంచీ వ్యాపారం వైపు నుంచీ కలిసి కోసేశాం, నా బాధంతా అక్కడే.

దీనికి నేను ముందు మన ఊళ్ళోంచే మొదలుపెట్టాలి. నాకు రాక్ ఎందుకెక్కింది అని చాలాసార్లు ఆలోచించా. గుంటూరు జిల్లాలో పుట్టి, ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి, ఇంగ్లీషు లిరిక్స్ సగం అర్థం కాని వాడికి ఇరవై ఏళ్ళు రాకముందే పింక్ ఫ్లాయిడ్ ఎలా పట్టేసింది? నాకు తోచిన జవాబు ఇళయరాజా. గీతాంజలి వచ్చినప్పుడు, 1989లో, మా ఇంట్లో టూ-ఇన్-వన్‌లో ఆ క్యాసెట్ అరిగిపోయింది. పల్లవి అయ్యాక చరణం వచ్చేలోపు ఆయన ఒక కథ చెప్పేవాడు, వయొలిన్లన్నీ ఒక్కసారి లేచి, ఫ్లూట్ ఎక్కడినుంచో అందుకుని, బేస్ గిటారు కింద తన దారిన తను నడుస్తూ. మేం పాటతో పాటు ఆ ఇంటర్‌లూడ్‌లు కూడా నోటితో పాడేవాళ్ళం, మాటలు లేని చోటు కూడా పాటే అని మా చెవులకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. అలా తయారైన చెవి హాస్టల్‌కెళ్ళి మొదటిసారి పెద్ద గిటార్ సోలో వింటే ఇంకేముంది, అది మాకు పరాయిదిగా అనిపించలేదు, ఇంకాస్త పొడుగు ఇంటర్‌లూడ్ అనిపించింది అంతే.

హాస్టల్లో నా దగ్గరుండేది ఒకే ఒక్క టీడీకే 60 క్యాసెట్టు. సీనియర్ దగ్గర ఒరిజినల్ ఉంటే, ఇంకొకడి డబుల్ డెక్‌లో పెట్టి కాపీ చేయించుకున్నా. సైడ్ ఏ అరగంట. వాడు ముందు వేరే బ్యాండ్ పాటలు నాలుగు ఎక్కించి, మిగిలిన జాగాలో పింక్ ఫ్లాయిడ్ 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' ఎక్కించాడు. 1975 పాట అది, మొదటి భాగమే పదమూడు నిమిషాలు దాటుతుంది. మొదట కీబోర్డు ఒక్కటే, పొగమంచులాగా, ఎక్కడ మొదలైందో తెలీదు, ఆ తర్వాత వాళ్ళ గిటారిస్టు గిల్మర్ గిటార్ మీద నాలుగంటే నాలుగు స్వరాలు మీటి ఆగుతాడు. మళ్ళీ అవే నాలుగు. ఎనిమిది నిమిషాలు దాటాక గానీ మనిషి గొంతు వినపడదు. రెండు చరణాలవగానే నా క్యాసెట్లో టక్ మని రీలు అయిపోయేది. ఆ పాట అంతేననుకున్నా. ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నా. 1998లో ఉద్యోగం వచ్చాక హైదరాబాదులో సీడీ కొనుక్కుని రూంలో పెట్టుకుంటే, నా లెక్కలో పాట అయిపోవాల్సిన చోట శాక్సోఫోన్ మొదలైంది. నాకు ఒళ్ళు జలదరించింది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అది మొదట నెమ్మదిగా వచ్చి, మధ్యలో దాని లయే మారిపోయి, రెట్టింపు వేగంలో పరిగెడుతుంటే, ఇన్నాళ్ళూ నా పక్కింట్లోనే ఉండి నాకు కనపడని మనిషి ఒక్కసారి తలుపు తీసుకుని బయటికొచ్చినట్టనిపించింది.

నేను ఇప్పటి పాట విన్నప్పుడల్లా ఆ టక్ అనే శబ్దమే గుర్తొస్తుంది. పాట బాగుంటుంది, అందుకుంటుంది, ఇప్పుడు ఏదో రాబోతోంది అనుకునేలోపు అయిపోతుంది. తేడా ఏంటంటే, నా క్యాసెట్ వెనకాల ఒక శాక్సోఫోన్ ఉంది, ఈ పాటల వెనకాల చాలాసార్లు ఏమీ ఉండట్లేదు, ముందే అక్కడికి కత్తిరించి తయారుచేస్తున్నారు.

ఎందుకు కత్తిరిస్తున్నారో పెద్ద రహస్యం కాదు. పాటల యాప్ స్పాటిఫైలో పాట 30 సెకన్లు వినపడితేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క, డబ్బులొచ్చేది ఆ లెక్క మీదే. అలాగే మూడు నిమిషాల పాటకీ తొమ్మిది నిమిషాల పాటకీ లెక్క ఒక్కటే, ఒక స్ట్రీమ్. అలాంటప్పుడు ఏ కంపెనీ అయినా ఏం చెప్తుంది? మొదటి పది సెకన్లలో హుక్, అంటే వినగానే పట్టేసే ముక్క, పడేయి, ఉపోద్ఘాతం తీసేయి, సోలో తీసేయి, పాట చిన్నది చెయ్యి, అయిపోగానే మళ్ళీ పెట్టుకుంటారు. 1992లో గన్స్ ఎన్ రోజెస్ 'నవంబర్ రెయిన్' అమెరికా చార్టులో మూడో స్థానం దాకా వెళ్ళింది, దాదాపు తొమ్మిది నిమిషాల పాట, పియానోతో మొదలై, గిటార్ సోలోల మీద సోలోలతో. 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' 19 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది, దాని మొదటి వెర్షన్ నిడివి 1 నిమిషం 53 సెకన్లు.

ఇక్కడే మా వాళ్ళు "చూశావా" అంటారు. కానీ నాకు ఆ పాట ఇష్టం. ఆ అబ్బాయి, లిల్ నాస్ ఎక్స్, 30 డాలర్లు పెట్టి నెట్లో ఒక బీట్ కొనుక్కుని దాని మీద పాడాడు, ఆ బీట్‌లో వినపడే ఆ తీగవాయిద్యం ముక్క ఎక్కడిదంటే నైన్ ఇంచ్ నెయిల్స్ 2008లో వేసిన మాటల్లేని ఆల్బమ్‌లోది. అంటే ఒక రాక్ బ్యాండ్ ఎవరూ పాడకుండా వాయించిన ముక్క, పదకొండేళ్ళ తర్వాత ఒక కుర్రాడి చెవిన పడి ప్రపంచమంతా తిరిగింది. ఆ కుర్రాడి చెవి మంచిదే. అతనికి దొరికిన చోటు రెండు నిమిషాలు, అందులో ఎంత పట్టాలో అంత పెట్టాడు.

మన దగ్గర కూడా ఇదే జరుగుతోంది కదా. తెలుగు సినిమా పాటలో రెండో ఇంటర్‌లూడ్ మీరు ఈ మధ్య ఎప్పుడు విన్నారు? రీల్స్‌కి పనికొచ్చే పదిహేను సెకన్ల ముక్క ముందు తయారవుతోంది, ఆ ముక్క చుట్టూ మిగతా పాట అల్లుతున్నారేమో అనిపిస్తుంది నాకు చాలా పాటలు వింటుంటే. వాయిద్యగాళ్ళు లేకనా? చెన్నైలో, హైదరాబాదులో అద్భుతమైన గిటారిస్టులున్నారు, ఫ్లూట్ వాళ్ళున్నారు, స్టేజీ మీద చూడండి వాళ్ళని, పాటలో లేని సోలో స్టేజీ మీద ఇస్తే జనం ఎలా ఊగిపోతారో.

సౌండు సంగతి కూడా చెప్పాలి. నాకు దీని మీద కోపం 2008 నుంచి ఉంది. మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ఆల్బమ్ కదా అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా, పదినిమిషాలకి తలనొప్పి. పాటలు మంచివే. కానీ ప్రతి శబ్దాన్నీ పైకి తోసి తోసి, చిన్నదీ పెద్దదీ ఒకే ఎత్తుకి తెచ్చి, డ్రమ్ము కొట్టినచోట చిట్లిపోయినట్టు గరగర. అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేములో ఇంత నొక్కకుండా వచ్చాయి, ఫ్యాన్స్ ఆ గేములోంచి పాటలు తీసి విన్నారంటే చూడండి పరిస్థితి. కచేరీలో మృదంగం ఆగి వీణ ఒక్కటే సన్నగా పలికినప్పుడు మనం ముందుకు వంగి వింటాం కదా, ఆ సన్నదనాన్ని కూడా మృదంగం తని ఆవర్తనం అంత ఎత్తుకి లేపేస్తే ఇంక ముందుకు వంగేదెందుకు? ఇప్పుడు స్పాటిఫై లాంటివి ఎంత గట్టిగా చేసిన పాటనైనా ఒక మామూలు మట్టానికి తగ్గించే వినిపిస్తాయి, అంటే గట్టిగా చేసి లాభమే లేదు, అయినా అలవాటు పోలేదు. లాభం లేని చోట కూడా పాటని నొక్కి చంపుతున్నారంటే నాకు బాధేస్తుంది.

ఆటోట్యూన్, అదే గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్, దాని గురించి మా వాళ్ళందరికీ ఒకటే మాట, "పాడటం రానివాళ్ళ కోసం". అది సగమే నిజం. 1997లో వచ్చింది అది, చేసినాయన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే పనిలో, భూమి లోపలి ప్రకంపనల లెక్కలు తీసేవాడు. మరుసటి ఏడే గాయని షెర్ 'బిలీవ్'లో దాన్ని దాచకుండా, ఇదిగో వినండి అన్నట్టు వాడింది. అలా రంగుగా వాడితే నాకేం అభ్యంతరం లేదు, గిటార్‌కి గరగరలాడించే డిస్టార్షన్ పెట్టుకుని మురిసిపోయిన వాళ్ళం మనం. నాకు బాధ ఎక్కడంటే, బాగా పాడే వాళ్ళ గొంతుని కూడా చడీచప్పుడు లేకుండా సరిచేసే చోట. మన చెవికి గమకం అలవాటు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊగుతూ, కాస్త కింద నుంచి అందుకుంటూ వెళ్ళే ఆ ప్రయాణమే మనకి పాట. దాన్ని తీసుకొచ్చి మెట్టు మీద మెట్టు పెట్టినట్టు సర్దేస్తే శ్రుతి కుదురుతుందేమో గానీ మనిషి పోతాడు.

డ్రమ్స్ కూడా అంతే. లెడ్ జెప్పెలిన్ 1971లో 'వెన్ ద లెవీ బ్రేక్స్' రికార్డు చేసినప్పుడు డ్రమ్ సెట్టుని ఒక పాత బంగళా హాల్లో, మెట్ల కింద పెట్టి, మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీశారు. వాళ్ళ డ్రమ్మర్ బాన్‌హమ్ కొడుతుంటే ఆ మెట్లు, ఆ గోడలు, ఆ గాలి, అన్నీ వినపడతాయి. అక్కడ ఒక ఇల్లు వాయిస్తోంది! ఇప్పుడు ప్రతి దెబ్బనీ కంప్యూటర్లో గడిలోకి జరిపి, అవసరమైతే వేరే మంచి దెబ్బతో మార్చేసి పెడుతున్నారు, గొప్ప డ్రమ్మర్‌కీ మామూలు డ్రమ్మర్‌కీ తేడా తెలియకుండా.

ఇంత చెప్పాక నేను మా వాడితో కలిసిపోవాలి కదా, అయినా కలవను. ఎందుకంటే ఆ చోటు కోసం కొట్లాడుతున్న పిల్లలు ఇప్పుడే, ఈ రోజుల్లోనే ఉన్నారు. బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్, 2019లో వచ్చింది, వాళ్ళన్నయ్య ఫినియస్ పడగ్గదిలో చేశారు ఇద్దరూ కూర్చుని. ఒకసారి రాత్రిపూట లైట్లార్పేసి వినండి. ఎంత ఖాళీ ఉంటుందో అందులో! అందరూ అరుస్తున్న కాలంలో ఆ అమ్మాయి చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది, 2020లో పద్దెనిమిదేళ్ళకి గ్రామీల్లో నాలుగు పెద్ద అవార్డులూ ఒకే రాత్రి తీసుకెళ్ళింది. టేలర్ స్విఫ్ట్ 2021లో 'ఆల్ టూ వెల్' పది నిమిషాల వెర్షన్ వేస్తే అది నంబర్ వన్ అయింది, 1972 నుంచి 'అమెరికన్ పై' పేరున ఉన్న రికార్డు, నంబర్ వన్ అయిన వాటిలో అన్నిటికంటే పొడుగు పాట అన్న రికార్డు, దాంతో పోయింది. పది నిమిషాలు ఎవరు వింటారు అన్నవాళ్ళకి కాలేజీ అమ్మాయిలు చెప్పిన జవాబది.

రాక్ చచ్చిపోయిందంటారా, 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ నేను తెల్లవారుజాము దాకా కూర్చుని లైవ్‌లో చూశాను. వాళ్ళ గాయకుడు ఆజీ ఆస్బర్న్ లేవలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు, ఆ తర్వాత 17 రోజులకే పోయాడు. ఆ రోజు అంతమంది మహామహులు వాయించారు, మా హాస్టల్ గోడల మీద పోస్టర్లుగా ఉన్నవాళ్ళంతా ఉన్నారు. అయినా నన్ను ఏడిపించింది 27 ఏళ్ళ గాయకుడు యంగ్‌బ్లడ్. సబ్బాత్ వాళ్ళ 1972 నాటి 'చేంజెస్' పాడాడు. ఆ పాటలో దాక్కోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ముఖ్యంగా పియానో, గొంతే. అంత పెద్ద స్టేడియం మొత్తం అతనితో కలిసి పాడుతుంటే నేను మా హాల్లో ఒక్కడినే కూర్చుని కళ్ళు తుడుచుకున్నా. ఇదే యంగ్‌బ్లడ్ అదే ఏడాది మార్చిలో కొత్త ఆల్బమ్‌కి మొదటి పాటగా తొమ్మిది నిమిషాలది వదిలాడు. సింగిల్, తొమ్మిది నిమిషాలు, 2025లో. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. మొహానికి మాస్కులేసుకునే స్లీప్ టోకెన్ బ్యాండ్ అదే ఏడాది అమెరికాలో నంబర్ వన్ ఆల్బమ్ కొట్టింది, దాంట్లో మొదటి పాటే ఏడు నిమిషాలు దాటుతుంది. నాకు వాళ్ళ పాటలన్నీ నచ్చవు, కొన్ని చోట్ల మరీ మెత్తగా పోతారు, కానీ వాళ్ళు తీసుకుంటున్న టైము చూస్తే సంతోషమేస్తుంది. మన ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ వాళ్ళు డోలు, ఫ్లూటు పట్టుకుని మెటల్ వాయిస్తూ 2022లో జపాన్ ఫ్యూజీ రాక్ ఫెస్టివల్ దాకా వెళ్ళొచ్చారు. ఆ డోలు పడుతుంటే మా ఊరి తిరునాళ్ళలో డప్పు గుర్తొచ్చింది నాకు, అది కదా మన రాక్ అనిపించింది.

మా బ్యాచ్‌లో ఎంతమంది విన్నారు వీటిని? నేను అడిగితే ఒక్కడు చెయ్యెత్తాడు. మామా, నువ్వు 1992లో ఒక క్యాసెట్ కోసం హనుమకొండలో షాపు షాపూ తిరిగావు, వేరే హాస్టల్ వాడిని బతిమాలి రెండు రోజులు అరువు తెచ్చుకున్నావు. అప్పుడు కూడా చార్టు నిండా చెత్త ఉండేది, మనం పట్టించుకోలేదు, వెతుక్కున్నాం. ఈ రోజు ఫోను నీ ముందుకి తోసింది విని "ఇంతేరా ఇప్పటి మ్యూజిక్" అంటే ఎలా? వెతికేవాళ్ళు తగ్గితే నష్టం ఎవరికో తెలుసా, చిన్న బ్యాండ్లకి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో 1,000 స్ట్రీములు రాని పాటకి రాయల్టీ పైసా కూడా లేదు. మనలాంటి యాభై ఏళ్ళవాళ్ళం, జేబులో డబ్బులున్నవాళ్ళం, చెవి తయారైనవాళ్ళం, కూర్చుని ఒక కొత్త బ్యాండ్‌ని పూర్తిగా వింటే వాళ్ళకది అన్నం.

నేనూ కచేరీల్లో దెబ్బతిన్నా. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద పేరున్న గాయకుడి షోకి ఇంటిల్లిపాదీ టికెట్లు కొనుక్కుని వెళ్ళాం, ఆయన మైకు కిందకి దించేశాక కూడా పాట వస్తూనే ఉంది. గిటార్ వాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళ చేతులకీ మాకు వినపడేదానికీ సంబంధం లేదు. ఆ రాత్రి నాకు కోపం కంటే అవమానం ఎక్కువ అనిపించింది. అందుకే 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ షో ఉంది నాన్నా అని మా అమ్మాయి అడిగితే అయిష్టంగానే వెళ్ళాను.

ఆయన ఒక్కడే వచ్చాడు. గిటారు, కాలికింద ఒక లూప్ పెడల్. ముందు గిటారు పొట్ట మీద అరచేత్తో కొట్టాడు, కాలితో నొక్కాడు, ఆ దెబ్బ తిరగడం మొదలైంది. దాని మీద ఒక తీగ వరస, మళ్ళీ నొక్కాడు. దాని మీద గొంతుతో ఒక పొర, ఇంకో పొర. మా కళ్ళముందే, ఏదీ ముందుగా తయారుచేసి తేకుండా, ఒక్క మనిషి ఒక బ్యాండ్‌ని కట్టాడు. కట్టేటప్పుడు పాడట్లేదు, మేమంతా ఆ పొరల్ని వింటూ నిలబడ్డాం, అంతమంది పిల్లలు. ఎవరూ విసుక్కోలేదు. నేను ఇన్నేళ్ళుగా పోయిందని ఏడుస్తున్న ఆ మాటల్లేని టైమే అది, పాప్ కచేరీలో, నా కూతురు వయసు వాళ్ళ మధ్య నాకు దొరికింది. అక్కణ్ణించి వారానికి బెంగుళూరులో ఆయన శిల్పారావుతో కలిసి 'చుట్టమల్లే' తెలుగులో పాడాడని వీడియో వస్తే మా ఇంట్లో అది ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు.

రామోజీ సిటీ నుంచి ఆ రాత్రి తిరిగొచ్చేటప్పుడు విజయవాడ హైవే మీద కార్లన్నీ ఆగిపోయాయి. మా అమ్మాయి తన ఫోన్ కలిపి ఆ పది నిమిషాల టేలర్ స్విఫ్ట్ పాట పెట్టింది, మొత్తం పాడింది, ఒక్క లైను వదలకుండా. అయ్యాక, "ఇప్పుడు నీది పెట్టు నాన్నా, ఆ క్యాసెట్ పాట" అంది. పెట్టాను. కీబోర్డు మొదలైంది. తను ఫోను ఒళ్ళో బోర్లా పెట్టి సీటు వెనక్కి వాల్చుకుంది. ఆ నాలుగు స్వరాలు వచ్చినప్పుడు "మళ్ళీ అదే వాయిస్తాడా" అంది, వాయించాడు, నవ్వింది. గొంతు వచ్చేసరికి కార్లు కదిలాయి. రెండు చరణాలు అయ్యాయి, నా క్యాసెట్ ఆగిపోయే చోటు వచ్చింది, నేనేమీ చెప్పలేదు. హయత్‌నగర్ దగ్గర సిగ్నల్లో శాక్సోఫోన్ అందుకుంది. "నాన్నా, ఇది వినకుండానా నువ్వు అన్నేళ్ళు ఉన్నావు?" అని చెయ్యి చాపి వాల్యూమ్ పెంచింది.